లేని చప్పుడు విన్నవాళ్లు

మా అక్క కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, చిన్నా పెద్దా అందరికీ మిషనక్కే. మేడమెట్ల కింద ఉన్న ఆ ఇరుకు గదిని మా నాన్న అద్దెకి తీసుకున్నాడు. ఆయన పోయాక షట్టరు మూసేద్దామని మా బాబాయి అంటే, అప్పటికి పందొమ్మిదేళ్లున్న అక్క తాళంచెవి గుప్పిట్లో బిగించి, "మూసేద్దువుగాని బాబాయ్, లోపల పదకొండు మిషన్లున్నాయి. అవెవరు బాగుచేసిస్తారు, నువ్వా?" అని అడిగింది. బాబాయి మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మిషను తెచ్చినవాళ్లు ఏం పాడైందో చెప్పబోతే అక్క విననే వినదు. "నువ్వు ఆగు, దాన్ని చెప్పనీ" అంటుంది. స్క్రూడ్రైవర్ మొన మిషను ఒంటికి ఆనించి, పిడి చెవికి ఆనించి, చేత్తో చక్రం రెండుసార్లు తిప్పుతుంది. ఆ తర్వాత ఆమె చెప్పింది తప్పవడం నేను చూడలేదు. కోపం కూడా ఎక్కువే. మిషనుకి నూనె వేయకుండా ఏడాదంతా తొక్కి తెచ్చినవాళ్లని బల్ల దగ్గరే నిలబెట్టి కడిగేస్తుంది.

అక్క చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన జ్వరంలో కీళ్లన్నీ వాచి నెలన్నర మంచం పట్టిందట. తగ్గిపోయిందనుకున్నారు. కానీ ఆ జ్వరం పోతూ పోతూ గుండె లోపల ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. ఆ సంగతి అక్కకి ముప్పై ఒకటో ఏట తెలిసింది. బరువైన మిషను తల ఎత్తుకుని మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగి కూలబడింది. నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను.

అది డాక్టర్లకే చదువు చెప్పే చోటు. మామూలు డాక్టరు చదువు, దానిపైన పెద్ద చదువు అయ్యాక కూడా, గుండె ఒక్కటే నేర్చుకోవడానికి మరో మూడేళ్లు అక్కడ ఉంటారు. వాళ్లని ఫెలోలంటారు. ఆ రోజు అక్క ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టిన ఫెలో ఒక నిమిషం విని, లేచి, పరుగులాంటి నడకతో పోయి ఇంకో నలుగురిని పిలుచుకొచ్చాడు. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు విని, కొత్త బొమ్మ దొరికిన పిల్లల్లా మొహమొహాలు చూసుకున్నారు. కాసేపటికి విభాగం పెద్ద వచ్చాడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు, చూసేదేమో గుండె. ఇంటికొచ్చేలోపే అక్క ఆయనకి గుండు డాక్టరని పేరు పెట్టేసింది.

"చాలా శుభ్రమైన కేసమ్మా మీది" అన్నాడాయన.

అక్క గుండె కవాటం ఇరుకైంది. అది తెరుచుకునేటప్పుడు చిటికె వేసినట్టు ఒక చిన్న చప్పుడు, దాని వెనక దూరంగా బండి దొర్లినట్టు ఒక రొద. పుస్తకంలో ఎలా రాసుంటుందో అచ్చం అలాగే వినబడుతుందట. ఫెలోల ఆఖరి పరీక్షలో నిజమైన రోగులని మంచాల మీద పడుకోబెట్టి, విని జబ్బేమిటో చెప్పమంటారు. ఆ ఏడాది నుంచి అక్క పరీక్ష కేసు అయింది. ఏటా పరీక్షల నెలలో విభాగం గుమాస్తా ఫోన్ చేసేవాడు. అక్క ఆ రోజు షట్టరు దించి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లేది. టీ, భోజనం పొట్లం ఇచ్చేవారు. ఆకుపచ్చ తెర వెనక రెండో మంచం ఆమెది.

నిజం చెప్పాలంటే అక్కకి అది గొప్పగా ఉండేది. నాకు మాత్రం మొదటినుంచీ ఒళ్లు మండేది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పదిమంది చల్లటి చేతులు. ఒంటి మీద గుడ్డ సరిచేయాలని ఒక్కరికీ తోచదు. ఆమె అక్కడ ఉండగానే ఆమె మీదుగా మాట్లాడుకోవడం, ఈ కేసు, ఆ కేసు. నేను విసుక్కుంటే అక్క నవ్వేసేది.

"పాపం చెమటలు కారిపోతుంటాయే వాళ్లకి. ఎడంపక్కకి తిప్పి వింటేనే ఆ రొద తెలుస్తుందంట. మర్చిపోయి గుడ్లు తేలేస్తారు. నేనే మెల్లిగా ఎడంపక్కకి తిరుగుతా. అప్పుడు వెలుగుతుంది బల్బు!"

ఒకసారి గుండు డాక్టరు అది కనిపెట్టి, "అమ్మా, మీరు తిరగకండి, వాళ్లని అడగనివ్వండి" అని మందలించాడట. ఇంటికొచ్చి రెండు రోజులు అదే చెప్పి నవ్వింది.

అక్కని మొదట చూసిన ఓపీ డాక్టరు బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ తర్వాత అక్క ఓపీకి పోవడం మానేసింది. పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు తెచ్చుకునేది. ఎందుకు పోవని నేను గోల పెడితే, "ఏటా అంతమంది గుండె డాక్టర్లు వింటున్నారు. ఇంతకంటే ఏం పరీక్ష కావాలే నాకు? ఏమన్నా ఉంటే చెప్పరూ?" అనేది.

నేను కూడా ఆ మాట నమ్మాను. ఇది రాస్తున్నప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది.

పదమూడో ఏడు వచ్చేసరికి అక్క మెట్లు ఎక్కాలంటే మధ్యలో ఆగేది. ఒక దిండు మీద పడుకునే మనిషి మూడు దిళ్లు వేసుకునేది. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల పట్టీ గీత పడేది. దారప్పోగుల దుమ్ము, వయసు, లావు, ఇలా ఏదో ఒకటి చెప్పేది. "వచ్చే నెల పరీక్షలేగా, చూస్తారులే" అంది. ఆ ఏడు నేను పనిచేసే బడి ఆఫీసులో సెలవు పెట్టి తోడు వెళ్లాను. తెర ఇవతల బల్ల మీద కూర్చున్నాను. లోపలి మాట ప్రతిదీ వినబడుతోంది.

పరీక్ష చేసేవాళ్లు ఇద్దరు. ఒకరు గుండు డాక్టరు, రెండోవారు వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు. ఆయన చేతిలో ఒక కాగితం, అందులో జవాబులు. పరీక్షకి ముందు వాళ్లే ఒకసారి రోగిని విని సరిచూసుకోవాలని రూలట. అది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు పొద్దున ఇద్దరూ టీ తాగుతూ కాగితం చూసుకున్నారు, అంతే.

నలుగురు ఫెలోలు వచ్చి వెళ్లారు. నలుగురూ ఒకే పాఠం అప్పజెప్పారు. మొదటి చప్పుడు గట్టిగా ఉంది, చిటికె వినబడింది, రొద ఉంది. రెండో మంచం మిషనక్కది, అక్కడ ఏం చెప్పాలో సీనియర్ల నుంచి జూనియర్లకి ఏటా అందుతూనే ఉంటుంది. "గుడ్" అన్నాడు పరీక్షకుడు నలుగురితోనూ.

ఐదో మనిషి సన్నగా ఉన్న ఒక అమ్మాయి. రాత్రంతా డ్యూటీ చేసి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు లోపలికి పోయాయి. ఆమె స్టెతస్కోపు బిళ్లని అరచేతిలో పెట్టుకుని వేడి చేసుకోవడం తెర సందులోంచి నాకు కనబడింది. "అమ్మా, ఎన్ని దిళ్ల మీద పడుకుంటారు?" అని అడిగింది. పదమూడేళ్లలో ఆ ప్రశ్న వేసినవాళ్లు లేరని అక్క తర్వాత చెప్పింది. ఆమె మెడ చూసింది, పాదం మీద వేలితో నొక్కి చూసింది. చాలాసేపు విన్నది. అక్క అలవాటుగా ఎడంపక్కకి తిరిగింది. అమ్మాయి మళ్లీ విన్నది.

"మొదటి చప్పుడు మెత్తగా ఉందండి. చిటికె లేదు. రెండో చప్పుడు ఊపిరితిత్తుల వైపు చాలా గట్టిగా ఉంది. కాళ్లవాపు ఉంది. కవాటం గట్టిపడిపోయిందనుకుంటున్నాను. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బాగా పెరిగింది."

"చిటికె లేదా?" అన్నాడు పరీక్షకుడు. "మీ ముందు నలుగురికి వినబడింది. మళ్లీ వినండి."

ఆమె మళ్లీ విన్నది. "లేదండి."

"నిశ్చయంగా?"

"నాకు వినబడలేదండి. వినబడనిది విన్నానని చెప్పలేను."

ఆయన కాగితం మీద ఏదో రాశాడు. ఆ అమ్మాయి అక్క వైపు తిరిగి, "అమ్మా, మీకు గుండె స్కాన్ ఎప్పుడు తీశారు?" అని అడిగింది.

"అది మీ పరీక్షలో లేదు. టైమైంది" అన్నాడు గుండు డాక్టరు.

"ఆరేళ్లయింది" అంది అక్క. పరీక్షలో లేదన్నాక రోగి నోరు విప్పకూడదు. అయినా చెప్పింది.

గంట మోగింది. అమ్మాయి వెళ్లిపోయింది. పరీక్షకుడు చిన్నగా నవ్వి, "ఇంత తేలిక కేసు కూడా పట్టుకోలేకపోయింది" అన్నాడు.

మంచం కిర్రుమంది. అక్క లేచి కూర్చుంది.

"డాక్టరుగారూ, ఇవాళ నా గుండె మీరు విన్నారా?"

"అమ్మా, మీ గుండె నాకు పదమూడేళ్లుగా తెలుసు" అన్నాడు గుండు డాక్టరు.

"తెలుసా అని అడగలేదండీ. విన్నారా అని అడిగాను."

నేను తెర తీసి లోపలికి వెళ్లాను. నన్నెవరూ ఆపలేదు.

"ఆ పిల్ల చెవి పెట్టి విన్నది, లేదంది. ఉందన్నవాళ్లు నా మొహం చూసి చెప్పారు. మీరు ఇప్పుడు వినండి. వినేదాకా నేను ఈ మంచం దిగను. తర్వాతి వాళ్లకి పరీక్ష ఎక్కడ పెడతారో పెట్టుకోండి" అంది అక్క. ఆయాసంతో మాట మాటకీ ఆగుతోంది, కానీ గొంతు తగ్గలేదు.

గుండు డాక్టరు మెడలోని స్టెతస్కోపు తీశాడు. విన్నాడు. చోటు మార్చి విన్నాడు. లేచాక పరీక్షకుడి వైపు చూడలేదు, మా వైపూ చూడలేదు. "స్కాన్ రాయండి" అన్నాడు గోడతో చెబుతున్నట్టు.

స్కాన్ గదిలో మొదట కబుర్లు చెబుతున్న ఆవిడ కాసేపటికి అదే కొలత మళ్లీ మళ్లీ తీసింది. సాయంత్రం నేను గుమాస్తా బల్ల మీదున్న అక్క ఫైలు లాక్కోబోయాను. "మేడమ్, అది పరీక్షల ఫైలు, ఇవ్వకూడదు" అని అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "మా అక్క గుండె మీ పరీక్షల ఫైల్లో ఎందుకుంది?" అని అడిగితే చెయ్యి తీసేశాడు.

ఆరేళ్ల నాటి స్కాన్ అందులోనే ఉంది. జవాబుల కాగితం తయారుచేయడానికి తీసిన స్కాన్ కాబట్టి ఓపీకి పోలేదు, విభాగంలో పరీక్ష కాగితాల సొరుగులోకి పోయింది. దాని అడుగున, ఇప్పుడు ఆ ఆసుపత్రిలో లేని ఒక డాక్టరు రాశాడు: కవాటం బెలూన్ చికిత్సకి అనువుగా ఉంది, రోగికి వివరించి చేర్చుకోవాలి. బెలూన్ అంటే కాలి దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, దాని చివర బుడగ ఊది, ఇరుకైన కవాటాన్ని తెరవడం. ఛాతీ కోసే పని లేదు. ఆ కాగితం కింద ఏడాదికొక చీటీ, ఆరుగురి చేతిరాత, ఒకటే మాట: మంచి కేసు, వచ్చే ఏడాది మళ్లీ పిలవాలి.

ఇప్పుడిక బెలూన్‌కి కుదరదన్నారు. కవాటం సున్నపురాయిలా అయిపోయింది. ఛాతీ తెరిచి, లోహపు కవాటం వేయాలి. ఖర్చంతా మేమే చూసుకుంటాం, ఇక్కడే చేయించుకోండి అన్నాడు గుండు డాక్టరు. "కోస్తుంటే చుట్టూ నిలబడి ఎంతమంది మీ చదువుకునే పిల్లలు చూస్తుంటారు?" అని అక్క అడిగింది. మేము నగరం అవతలి ఆసుపత్రికి వెళ్లాం.

అక్కడ ఆపరేషన్‌కి తేదీ కోసం చూస్తుండగా ఫెలోల పరీక్ష ఫలితాలొచ్చాయి. ఆ నలుగురూ పాసయ్యారు. ఐదో అమ్మాయి తప్పింది. నిజం తేలాక కూడా ఎవరూ దిద్దలేదు, మార్కుల కాగితం అప్పటికే సంతకాలై వెళ్లిపోయిందట. తన స్కాన్ చూసినరోజు కూడా అక్కకి అంత కోపం రాలేదు. మంచం మీద నుంచి లేచి చెప్పులు వెతుక్కుంది.

"లేని చప్పుడు విన్నవాళ్లు రేపటినుంచి గుండె డాక్టర్లా? లేదన్న పిల్ల తప్పిందా? పద."

పెద్దాసుపత్రిలో పాలనాధికారి గది రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు సిబ్బందికి మాత్రమేనని కాపలాదారు అన్నాడు. అక్క ఒక్కొక్క మెట్టూ కూర్చుని కూర్చుని ఎక్కింది. నేను వెనక నడుస్తూ ఎవరినైనా కొట్టాలన్నంత కసితో ఉన్నాను. నేను టైపు చేసిన ఫిర్యాదు ఆయన బల్ల మీద పెట్టి, రసీదు ఇచ్చేదాకా అక్క కుర్చీలోంచి కదల్లేదు. విచారణ వేస్తామన్నారు.

రెండు రోజులకి ఆ అమ్మాయి మా షాపుకి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"అమ్మా, మీ మేలు మర్చిపోలేను. కానీ నన్ను ఇందులోకి లాగకండి, ప్లీజ్. ఆరు నెలలాగి మళ్లీ రాస్తాను. సార్ సంతకం లేకపోతే నాకు ఎక్కడా ఉద్యోగం రాదు. విచారణలో పిలిస్తే నాకేం గుర్తులేదంటాను."

నేను కాస్త కరిగాను. అక్క కరగలేదు.

"వినబడనిది విన్నానని చెప్పలేనన్నావు. మరి గుర్తున్నది గుర్తులేదని ఎట్లా చెప్తావు?"

"మీకేం అమ్మా, మీరు చెప్పేసి వెళ్లిపోతారు. నేను వాళ్ల మధ్యలోనే బతకాలి."

"వెళ్లిపోతానా? ఎక్కడికి? ఛాతీ కోయించుకోవడానికి!" అక్క చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద విసిరేసింది. "నీ ఒక్కదాని కోసమే అరుస్తున్నాననుకుంటున్నావా? రేపు ఇంకో మంచం మీద ఇంకొకావిడ పడుకుంటుంది. ఆవిడ దగ్గర నీలాంటిది ఒక్కతైనా ఉండాలి. నువ్వూ అందరిలా గుడ్ అనిపించుకుని పో, నాకేం!"

అమ్మాయి ఏడ్చింది. అక్క ఊరుకోమనలేదు, మంచినీళ్లు మాత్రం నేనే ఇచ్చాను. వెళ్లేటప్పుడు ఆమె అక్క పాదాల వాపు వైపు ఒకసారి చూసింది. ఏ మాటా ఇవ్వలేదు.

విచారణ ఆపరేషన్‌కి వారం ముందు జరిగింది. పొడుగాటి బల్ల, నలుగురు పెద్దలు, మధ్యలో నీళ్ల సీసాలు. గుండు డాక్టరు పావుగంట మాట్లాడాడు. ఈమె ఇష్టపూర్వకంగా వచ్చిన వలంటీరు, ఓపీకి రావడం ఆమె బాధ్యత, జరిగింది సమాచార లోపం అన్నాడు. లోపం అన్న మాట ఆయన నోట మూడుసార్లు వచ్చింది.

తర్వాత అమ్మాయిని పిలిచారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. చిటికె విన్నారా అని అడిగారు. "లేదండి. ఆ రోజూ లేదు, స్కాన్‌లో చూసినదాన్ని బట్టి అంతకు చాలాకాలం ముందునుంచీ ఉండే అవకాశం లేదు" అంది. ఎవరినీ తప్పుపట్టలేదు, అక్క వైపు చూడలేదు. అడిగినదానికి జవాబు చెప్పి వెళ్లిపోయింది. ఆ ఒక్క జవాబుతోనే గదిలో గాలి మారింది. "అంతకు ముందు ఏడాది పాసైనవాళ్లు ఏం విన్నట్టు?" అని పెద్దల్లో ఒకరు నెమ్మదిగా అడిగారు. గుండు డాక్టరు నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

అక్కకి ఆపరేషన్ అయింది. బతికింది, మెట్లు ఎక్కుతోంది, మళ్లీ ఒక దిండు మీదే పడుకుంటోంది. కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి, నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలి. సూదులతో బతికే మనిషి, వేలికి గుచ్చుకుంటే పావుగంటైనా రక్తం ఆగదు. ఇప్పుడు తోలు తొడుగులు వేసుకుని పనిచేస్తుంది. తొడుగుల్లోంచి మరలు చేతికి తెలియవని రోజూ తిట్టుకుంటుంది. బరువైన మిషను తలలు ఎత్తకూడదన్నారు కాబట్టి ఫ్యాక్టరీల పని పోయింది. బెలూన్ వేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

అమ్మాయి ఫలితం మూడు నెలల తర్వాత దిద్దారు. ఆమె వేరే ఊళ్లో చేరిందని తెలిసింది, ఎవరి సంతకంతో చేరిందో తెలియదు. పరీక్షకి పిలిచే రోగులకి ముందుగా స్కాన్ తీసి, ఫలితం వాళ్ల చేతికే ఇవ్వాలని ఆసుపత్రి కొత్త రూలు పెట్టింది. ఆ నలుగురూ ఎక్కడెక్కడో గుండె డాక్టర్లుగా ఉన్నారు. గుండు డాక్టరు అదే కుర్చీలో ఉన్నాడు.

అక్కకి ఒక ఉత్తరం వచ్చింది. మూడు వాక్యాలు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అని ఉంది. అది చదివి వినిపించినప్పుడు ఆమె ఒక తొక్కుడు మిషనుకి బెల్టు ఎక్కిస్తోంది. పని ఆపలేదు.

"అసౌకర్యమంట! బస్సులో సీటు దొరక్కపోతే అసౌకర్యం. రాయవే జవాబు."

"ఏమని రాయను?"

"ఆరేళ్ల కిందట ఆ కాగితంలో ఉన్న మాట నాకు చెప్పాల్సింది ఎవరు? మనిషి పేరు కావాలి. లోపం, గీపం వద్దు. అంతే రాయి."

రాసి పంపాం. జవాబు రాలేదు. తర్వాతి నెల రక్తపరీక్ష నుంచి వస్తూ మళ్లీ రాయమంది. మళ్లీ రాశాను. ఇప్పుడు ప్రతినెలా అదే రోజున అదే ప్రశ్న టైపు చేసి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కిందటి నెల నాకు జ్వరమొస్తే, ఒక్క నెల ఆగుదాం అక్కా అన్నాను. ఆమె షట్టరు సగానికి దించి, మా ఇంటికి వచ్చి, నా మంచం పక్కన కూర్చుని, వంకర అక్షరాలతో తనే రాసుకుంది. కవరు అంటించమని నా చేతికిచ్చింది.